ఇంకొక్కటి పగిలిందో, ఇక బయటికే!

కదిలే బొమ్మల కథ – 14

ఎలుక ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెడుతోంది. అయినా ఉన్నచోటి నుంచి అంగుళం కదలడం లేదు. దాని తోక పిల్లి పట్టులో ఉంది. పిల్లికి ఆకలేమీ లేదు, ఉన్నదల్లా కాలక్షేపం. వదిలేస్తుంది, పట్టుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. గోడ మీద అచ్చం ఎలుక కన్నంలా ఉండే బొమ్మ గీసి పెడుతుంది. ఎలుక అదే తన ఇల్లనుకుని దూసుకెళ్లి గోడకు కొట్టుకుని సొమ్మసిల్లిపోతుంది.

1940 ఫిబ్రవరిలో అమెరికా థియేటర్లలో అసలు సినిమాకు ముందు వేసిన ఓ తొమ్మిది నిమిషాల కార్టూన్ ఇలా మొదలైంది. దాని పేరు ‘పస్ గెట్స్ ద బూట్’. అందులో పిల్లి పేరు జాస్పర్. ఎలుకను ఎవరూ పేరు పెట్టి పిలవనే పిలవరు. ఈ వివరాలు చెబితే ఇప్పుడు ఎవరూ పోల్చుకోకపోవచ్చు. ఆ తర్వాత వాటికి వచ్చిన పేర్లు మాత్రం తెలుగునాట పసిపిల్లలకు కూడా తెలుసు. రోజంతా కీచులాడుకుంటూ, ఒకరు లేకపోతే మరొకరికి తోచని అన్నాచెల్లెళ్లను మన ఇళ్లలో ఆ పేర్లతోనే పిలుస్తున్నారు. టామ్ అండ్ జెర్రీ పుట్టుక కథ ఇది. ఆ జంట పుట్టిన చోట దాన్ని నమ్మినవాళ్లు ఎంత తక్కువో చెప్పే కథ కూడా.

జంతువులు ఒకదాన్నొకటి తరుముకోవడం 1940 నాటికి కొత్త సంగతి కాదు. మూకీల కాలంలోనే పాల్ టెర్రీ ‘ఈసప్స్ ఫేబుల్స్’ పేరుతో వారం వారం కార్టూన్లు తీశాడు. వాటిలో పిల్లులూ ఎలుకలూ లెక్కలేనన్ని. అందుకే ఎం.జి.ఎం. స్టూడియోలో ఇద్దరు కుర్రాళ్లు పిల్లీ ఎలుకల కథ తీస్తామనగానే తోటివాళ్లు పెదవి విరిచారు. అరిగిపోయిన సరుకుతో కొత్తగా ఏం చేస్తారన్నది వాళ్ల అనుమానం. ఆ అనుమానంలో న్యాయం ఉంది.

ఆ ఇద్దరిలో ఒకడు విలియం హానా. 1910లో న్యూ మెక్సికోలోని మెల్రోజ్‌లో పుట్టాడు. 1930లో హార్మన్, ఐసింగ్ అనే ఇద్దరు నడిపే కార్టూన్ స్టూడియోలో చేరాడు. బొమ్మలు గీసే పారదర్శక రేకులను కడిగి శుభ్రం చేయడం దగ్గర మొదలుపెట్టి పైకొచ్చినవాడు. బొమ్మలు గీయడంలో గొప్పవాడేమీ కాదు. కానీ సంగీతం తెలుసు, తాళం తెలుసు, ఏ కదలిక ఎన్ని క్షణాలుంటే నవ్వు పుడుతుందో తెలుసు. రెండోవాడు జోసెఫ్ బార్బెరా. 1911లో న్యూయార్క్‌లో ఇటలీ మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ పత్రికలకు వ్యంగ్యచిత్రాలు అమ్ముకునేవాడు. తర్వాత వాన్ బ్యూరెన్ స్టూడియోలోను, పాల్ టెర్రీ దగ్గరా పనిచేశాడు. ఊహకు వచ్చింది వచ్చినట్టు చకచకా కాగితం మీద పెట్టగల చెయ్యి అతనిది. ఒకరికి ఉన్నది రెండోవారికి లేదు. ఇద్దరూ 1937లో ఎం.జి.ఎం. కొత్తగా పెట్టిన కార్టూన్ విభాగంలో కలుసుకున్నారు.

ఆ విభాగం పరిస్థితి అప్పట్లో ఏమంత బాగోలేదు. గర్జించే సింహం గుర్తుతో హాలీవుడ్‌ను ఏలుతున్న సంస్థ ఎం.జి.ఎం. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం డిస్నీ ముందు చిన్నబోయింది. పత్రికల్లో పేరున్న ఒక కామిక్ ఆధారంగా తీసిన ‘కెప్టెన్ అండ్ ద కిడ్స్’ వరస బోల్తా కొట్టింది. ఖర్చు మితిమీరుతోందని అంతకుముందు వదిలించుకున్న హార్మన్, ఐసింగ్‌లనే మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. విభాగాన్ని నడిపే ఫ్రెడ్ క్వింబీ సినిమాల పంపిణీ వ్యాపారం నుంచి వచ్చిన మనిషి, బొమ్మలు గీసే పని అతనిది కాదు.

హానా, బార్బెరాల ఆలోచన తేలికైనది. తెర మీద కనిపించగానే గొడవ జరగబోతోందని ప్రేక్షకుడికి తెలిసిపోయే జంట కావాలి. అప్పుడు పరిచయాలకు సమయం పోదు. పిల్లీ ఎలుకా అయితే ఎవరికీ ఏమీ విడమరచనక్కర్లేదు. ఇంతవరకు పాత సంగతే. కొత్త సంగతి ఆ తర్వాత వచ్చింది. అది కళ్లముందే ఉన్నా చాలామంది గమనించరు.

సినిమాలో సొమ్మసిల్లిన ఎలుక తేరుకుని పిల్లి కంట్లో పొడుస్తుంది. పిల్లికి మండిపోతుంది, వెంటపడుతుంది. ఆ వేగంలో స్తంభానికి గుద్దుకోవడంతో పైనున్న పూలకుండీ కిందపడి ముక్కలవుతుంది. ఇంటి పని చూసే ఆవిడ వస్తుంది, తిడుతుంది, ఒక షరతు పెడుతుంది: ఇంకొక్క వస్తువు పగిలిందో, నువ్వు బయటికే. ఈ ఒక్క మాటతో కథ మొత్తం తిరగబడుతుంది. అంతవరకు బలం పిల్లిది. ఇప్పుడు ఎలుక బల్ల అంచున నిలబడి ఓ గాజు గ్లాసును కిందికి తోయబోతున్నట్టు పట్టుకుంటుంది. దూకబోతున్న పిల్లి గాల్లో ఉండగానే బిగుసుకుపోతుంది.

ఇక్కడి నుంచి తరుముడు వేగంతో నడవదు, భయంతో నడుస్తుంది. ఎలుక గ్లాసుల మీద గ్లాసులు విసురుతుంటే పిల్లి పరిగెత్తి పరిగెత్తి పట్టుకోవాలి. ఎక్కడ ఏం పడినా చప్పుడు రాకుండా నేలంతా మెత్తలు పరుస్తుంది. ఎలుక పళ్లేలకు దిగుతుంది. పిల్లి వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, ఆకాశమంత ఎత్తు దొంతరను మోస్తూ కదల్లేక నిలబడుతుంది. అప్పుడు ఎలుక తాపీగా పాలగిన్నెలో ఈతకొట్టి, పిల్లి తోకతోనే ఒళ్లు తుడుచుకుని, వెనక నుంచి ఒక్క తన్ను తంతుంది. పళ్లేలన్నీ భళ్లుమంటాయి. పిల్లిని ఇంట్లోంచి గెంటేస్తారు. ఎలుక తన కన్నం ముందు ఇల్లే స్వర్గమన్న అర్థం వచ్చే బోర్డు పెట్టుకుని లోపలికి వెళ్లిపోతుంది.

తరుముకోవడం మీద తీసిన సినిమాలో అసలు ఉత్కంఠంతా కదలకుండా నిలబడటంలో, చప్పుడు చేయకుండా ఉండటంలో పుట్టింది. బలవంతుడికి పోగొట్టుకోవడానికి ఒక ఇల్లుంది. బలహీనుడికి ఆ సంగతి తెలుసు. హానా, బార్బెరాలు కనిపెట్టిన సూత్రం ఇదే. పిల్లీ ఎలుకల మధ్య మూడో మనిషిని, ఒక ఇంటి చట్టాన్ని పెట్టడంతో అరిగిపోయిన సరుకు కొత్తదైంది. ఆ తర్వాతి పద్ధెనిమిదేళ్లలో నిద్రపోతున్న బుల్‌డాగ్, పక్కగదిలో యజమాని, ఉయ్యాలలో పసిపాప, ఇలా ఆ మూడోవాళ్లు రకరకాల రూపాల్లో వచ్చారు. సూత్రం మాత్రం మారలేదు.

తీరా సినిమా విడుదలయ్యాక తెర మీద వీళ్లిద్దరి పేర్లూ లేవు. కనిపించిన పేరు రుడాల్ఫ్ ఐసింగ్‌ది. ఒకే జంటను పట్టుకుని వేలాడటం క్వింబీకి ఇష్టం లేదు, వేరే కథలు చూసుకోమన్నాడు. హానా, బార్బెరాలు చూసుకున్నారు కూడా. క్వింబీ ఆ మాట మీదే నిలబడి ఉంటే ఈ భాగం రాయాల్సిన పనే ఉండేది కాదు.

రెండు సంగతులు జరిగాయి. టెక్సస్‌లో ఇంటర్‌స్టేట్ థియేటర్ల సంస్థలో చిన్న సినిమాల ఎంపిక చూసే బెసా షార్ట్ అనే ఆవిడ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పిల్లీ ఎలుకల సినిమాలు ఇంకెప్పుడు వస్తాయని ఆమె అడిగింది. థియేటర్ల నుంచి వచ్చిన గిరాకీని ఏ స్టూడియో తోసేయగలదు? రెండోది ఆస్కార్ నామినేషన్.

ఆ ఏడాది పోటీ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. కార్టూన్లకు ఆస్కార్ ఇవ్వడం మొదలైనప్పటి నుంచి ఎనిమిదేళ్లూ డిస్నీయే ఎగరేసుకుపోయాడు. 1940 సినిమాల పోటీలో ఆయన సినిమా ఒక్కటీ లేదు. బరిలో ఉన్నవి మూడు. ఒకటి మన జాస్పర్ సినిమా. రెండోది టెక్స్ ఏవరీ వార్నర్ వాళ్లకు తీసిన ‘ఎ వైల్డ్ హేర్’. బగ్స్ బన్నీ పూర్తి రూపం ఎత్తిన మొదటి సినిమాగా దాన్ని లెక్కిస్తారు. అందులోనూ వేటగాడు, కుందేలు, అదే తరుముడు. మూడోది ఎం.జి.ఎం.దే అయిన ‘ద మిల్కీ వే’, పాల నదుల లోకానికి వెళ్లొచ్చిన పిల్లికూనల కథ. బహుమతి దానికే వచ్చింది. ఈ రోజు దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. ఓడిన రెండూ ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

ఇక జంటకు పేర్లు కావాలి. స్టూడియోలో పోటీ పెట్టారు. జాన్ కార్ అనే యానిమేటర్ రాసిచ్చిన టామ్, జెర్రీ పేర్లు నిలిచాయి. అతనికి 50 డాలర్ల బహుమతి దక్కింది. తమాషా ఏమిటంటే అంతకు కొన్నేళ్ల ముందు వాన్ బ్యూరెన్ స్టూడియో ఇవే పేర్లతో ఇద్దరు మనుషుల కార్టూన్లు తీసింది. బార్బెరా ఒకప్పుడు పనిచేసింది ఆ స్టూడియోలోనే. ఈ పేర్లతో 1941లో వచ్చిన మొదటి సినిమా ‘ద మిడ్‌నైట్ స్నాక్’.

తొలి సినిమాను ఇప్పుడు చూస్తే కాస్త మెల్లగా నడుస్తున్నట్టనిపిస్తుంది. జాస్పర్ ఒంటి నిండా వెంట్రుకల గీతలు, ముఖం నిండా ముడతలు. ప్రతి భంగిమకూ అన్ని గీతలు గీయాలంటే మాటలు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ టామ్ ఒంటి మీద గీతలు తగ్గాయి, కనుబొమలు చిక్కబడ్డాయి, నాలుగు కాళ్ల మీద నడిచే పిల్లి రెండు కాళ్ల మీద నిలబడింది. వేగం ఒక్కసారిగా పెరగడానికి కారణం పక్కగదిలోకి వచ్చిన మనిషి. ‘ఎ వైల్డ్ హేర్’ తీసిన టెక్స్ ఏవరీయే 1941లో వార్నర్‌ను వదిలి ఎం.జి.ఎం.లో చేరాడు. అతని సినిమాల దూకుడు చూశాక హానా తన లెక్కలను మళ్లీ సరిచూసుకున్నాడు.

ఆ లెక్కలేమిటో కొంచెం చెప్పుకోవాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు పరిగెడుతుంది. ఏడు నిమిషాల కార్టూన్‌కు పదివేలకు పైగా ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలిపినా గీయాల్సినవి వేలల్లోనే. ముందు బార్బెరా కథను బొమ్మల వరసగా గోడకు గుచ్చేవాడు. హానా ఒక్కో కదలికకు ఎన్ని ఫ్రేములో పట్టిక రాసేవాడు. తర్వాత కెన్నెత్ మ్యూస్, ఇర్వెన్ స్పెన్స్, ఎడ్ బార్జ్, రే ప్యాటర్సన్ వంటి యానిమేటర్లు పెన్సిల్‌తో ప్రాణం పోసేవారు. ఆ గీతలను పారదర్శక రేకుల మీదికి సిరాతో ఎత్తి, వెనకవైపు రంగులు నింపేది ఎక్కువగా స్త్రీలు. తెర మీద వాళ్ల పేర్లు ఉండేవి కావు. పెనం ముఖానికి తగలడానికీ ముఖం పెనంలా మారడానికీ మధ్య నాలుగు ఫ్రేములు ఎక్కువైతే నవ్వు చచ్చిపోతుంది. హానా గొప్పతనం ఆ నాలుగు ఫ్రేముల్లో ఉంది. టామ్ పెట్టే ఆ గుండెలవిసే కేక కూడా చాలావరకు హానా గొంతే.

మాటలు దాదాపు లేని ఈ సినిమాలకు మాటల పని చేసిపెట్టినవాడు స్కాట్ బ్రాడ్లీ. పిల్లి అడుగులో అడుగు వేస్తే తీగవాద్యం, జారిపడితే ఇత్తడి వాద్యం, మధ్యలో జనం నోళ్లలో నానుతున్న పాట ముక్క, ఆ వెంటనే శాస్త్రీయ సంగీతం. వాయించేవాళ్లకు అది కత్తిమీద సాము. స్వరకర్త షోన్‌బర్గ్ రూపొందించిన పన్నెండు స్వరాల పద్ధతి అంతుపట్టక సంగీత పండితులే తలలు పట్టుకుంటున్న రోజులవి. 1944లో వచ్చిన ‘పుటిన్ ఆన్ ద డాగ్’లో కుక్క తలకాయ కింద దూరి జెర్రీ పరిగెత్తే చోట బ్రాడ్లీ దాన్ని వాడాడు. తలకాయొకరిది, కాళ్లొకరివి అన్న వింత దృశ్యానికి అది సరిగ్గా అతికింది. థియేటర్‌లో పిల్లలు పడీపడీ నవ్వారు తప్ప ఏం వింటున్నారో వాళ్లకు తెలియదు. బ్రాడ్లీకి దక్కాల్సిన పేరు దక్కలేదన్నది ఒప్పుకుని తీరాల్సిన మాట.

తొలి సినిమా గురించి మాట్లాడుతూ ఆ పనిమనిషి సంగతి దాటవేయడం తప్పు. ఆమె ముఖం దాదాపు కనబడదు. కాళ్లు, చెప్పులు, ఆప్రాన్, గొంతు, అంతే. నల్లజాతి స్త్రీని లావైన, చదువురాని, గట్టిగా అరిచే మనిషిగా చూపించే పాత అమెరికన్ మూసలో పోతపోసిన పాత్ర అది. బయటికి పొమ్మనే చిన్నమాటకు కూడా ఆమె చేత తప్పు అక్షరాలు పలికించి నవ్వు పుట్టించాలని చూశారు. గొంతు ఇచ్చిన లిలియన్ రాండాల్ఫ్ రేడియోలోనూ సినిమాల్లోనూ పేరున్న నటి. నల్లజాతి నటీమణులకు అప్పట్లో దొరికినవి ఎక్కువగా ఇలాంటి పాత్రలే. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. ఇలాంటి చిత్రణలపై నిరసన తెలిపింది. 1952 తర్వాత ఆ పాత్ర మళ్లీ రాలేదు. 1960లలో టీవీ కోసం కొన్ని సినిమాల్లో ఆమె స్థానంలో తెల్లజాతి స్త్రీ బొమ్మ గీయించారు, మరికొన్నింటిలో జూన్ ఫోరే చేత ఐరిష్ యాసలో డబ్బింగ్ చెప్పించారు. బొమ్మ మార్చినంత మాత్రాన అవమానం చెరిగిపోదు, రాండాల్ఫ్ శ్రమ మాత్రం చెరిగిపోయింది. ఆ సినిమాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, అప్పటి తప్పును తప్పని ముందే చెప్పి చూపించడమే సరైన దారి.

విజయాల సంగతి క్లుప్తంగా. 1943లో వచ్చిన యుద్ధకాలపు ‘ద యాంకీ డూడుల్ మౌస్’ తొలి ఆస్కార్ తెచ్చింది. ఆ తర్వాత దశాబ్దంలో మరో ఆరు. మొత్తం ఏడు బహుమతులతో ఈ జంట డిస్నీ ‘సిల్లీ సింఫనీ’ల వరసకు సమానంగా నిలిచింది. ఆస్కార్ ప్రతిమలన్నీ నిర్మాత హోదాలో క్వింబీయే అందుకున్నాడు, ఒకప్పుడు ఈ జంటను చాలించమన్న క్వింబీ! 1945లో ‘యాంకర్స్ అవే’ సినిమాలో జీన్ కెల్లీ పక్కన నాట్యం చేయడానికి ముందు మిక్కీ మౌస్‌ను అడిగారు. డిస్నీ ఒప్పుకోకపోవడంతో ఆ అవకాశం జెర్రీకి వచ్చింది.

లిస్ట్ స్వరపరచిన ‘హంగేరియన్ రాప్సొడీ నం. 2’ను టామ్ పియానో మీద వాయిస్తుంటే లోపల పడుకున్న జెర్రీ అల్లరి చేసే ‘ద క్యాట్ కాన్సెర్టో’ వీటన్నింటిలోకీ నిండైనది. సరిగ్గా అదే రోజుల్లో వార్నర్ వాళ్లు అదే సంగీతంతో, అదే పియానోతో, బగ్స్ బన్నీని కూర్చోబెట్టి ‘రాప్సొడీ రాబిట్’ తీశారు. అందులోనూ పియానోలో ఓ ఎలుక! ఒకరి ఆలోచన ఒకరు కాజేశారని రెండు స్టూడియోలూ ఆరోపించుకున్నాయి. ఎవరు ఎవరిని చూశారన్నది ఇప్పటికీ తేలలేదు. ఆస్కార్ మాత్రం టామ్‌కే వచ్చింది.

1957లో ఎం.జి.ఎం. కార్టూన్ విభాగాన్ని మూసేసింది. పాత సినిమాలనే మళ్లీ విడుదల చేసినా దాదాపు కొత్తవాటితో సమానంగా డబ్బొస్తోంది, ఇంక కొత్తవి ఎందుకన్నది యజమానుల లెక్క. ఆ కబురు ఫోన్‌లో వచ్చింది. అప్పటికి హానా, బార్బెరాలు ఈ జంట మీద 114 సినిమాలు తీశారు. వీధిన పడిన ఇద్దరూ అదే ఏడాది సొంత సంస్థ పెట్టి, తక్కువ బొమ్మలతో టీవీ కార్టూన్లు తీసే దారి పట్టారు. ‘ఫ్లింట్‌స్టోన్స్’, ‘స్కూబీ డూ’ ఆ దారిలో వచ్చినవే. టామ్, జెర్రీలు మాత్రం వేరేవాళ్ల చేతికి వెళ్లాయి. ప్రాగ్ నగరంలో జీన్ డైచ్ 13 సినిమాలు, ఆ తర్వాత చక్ జోన్స్ 34 సినిమాలు తీశారు. మూడు కాలాలూ కలిపితే 161. డైచ్ సినిమాల్లో వింత శబ్దాలున్నాయి, జోన్స్ సినిమాల్లో అందమైన గీతలున్నాయి. ఇంట్లోంచి గెంటేస్తారేమోనన్న ఆ మొదటి భయం మాత్రం రెండింటిలోనూ పలచబడింది.

1986లో టెడ్ టర్నర్ ఎం.జి.ఎం. పాత సినిమాల భాండాగారాన్ని కొన్నాడు. దాన్ని ఆధారం చేసుకుని 1992లో కార్టూన్ నెట్‌వర్క్ మొదలుపెట్టాడు. 1995లో అది భారతదేశానికి వచ్చింది. మాటలే లేని సినిమాకు భాష అడ్డం రాదు కాబట్టి ఇంగ్లిషు ముక్క రాని తెలుగు పిల్లలు కూడా పిల్లి దిమ్మ తిరిగిన ప్రతిసారీ చప్పట్లు కొట్టగలిగారు. హానా 2001లో, బార్బెరా 2006లో కన్నుమూశారు.

పాఠకులు వీలైతే ‘పస్ గెట్స్ ద బూట్’ను వెతికి చూడాలి. జాస్పర్ మెత్తలు పరిచే చోట కాసేపు కళ్లు ఎలుక మీద కాకుండా పిల్లి ముఖం మీద నిలపండి. ఇక జోన్స్ పేరు రానే వచ్చింది కాబట్టి వచ్చే భాగం అతనిదే. 1949 సెప్టెంబర్‌లో వార్నర్ విడుదల చేసిన ‘ఫాస్ట్ అండ్ ఫర్రీ-అస్’లో ఒక బక్క కొయొటీని, అందని పక్షిని ఎడారిలో వదిలి, జోన్స్, రచయిత మైకేల్ మాల్టీస్ తరుముడును ఎలా మార్చేశారో చెప్పుకుందాం.